0.6 మిల్లీమీటర్ల లోతు: ఒక హెచ్‌డీ డీవీడీ ప్లేయర్ ఆత్మకథ

నా పేరు హెచ్‌డీ-ఏ1. తోషిబా వాళ్ల బిడ్డని. 2006 ఏప్రిల్‌లో 499 డాలర్ల ధరతో అమెరికా దుకాణాల్లోకి వచ్చాను. రెండేళ్లు తిరక్కుండానే మా జాతి తయారీ ఆగిపోయింది. ఓడినవాళ్ల వైపు కథ ఎవరూ అడగరు కానీ నేను చెప్పుకోవాలి. నన్ను తయారుచేసిన ఇంజనీర్ల ఆలోచన తప్పుడు ఆలోచన కాదు.

మాది డీవీడీ వంశం. డీవీడీ పుట్టకముందూ పోటీ ఉండేది. ఒకవైపు సోనీ, ఫిలిప్స్. మరోవైపు తోషిబా, టైమ్ వార్నర్, ఇంకొన్ని కంపెనీలు. రెండు రకాల డిస్కులొద్దని కంప్యూటర్ కంపెనీలు పట్టుబట్టాయి. 1995లో రాజీ కుదిరింది. 0.6 మిల్లీమీటర్ల మందం గల రెండు పలకల్ని ఒకదానికొకటి అతికించే పద్ధతి అప్పుడు తోషిబా వర్గం నుంచే వచ్చింది. నాకు దక్కిన ఆస్తి అదే, నా కష్టాలకు మూలమూ అదే.

సీడీని చదివే లేజర్ తరంగదైర్ఘ్యం 780 నానోమీటర్లు, డీవీడీది 650. నాది 405, నీలానికీ ఊదాకీ మధ్య రంగు. తరంగం పొట్టిదయ్యేకొద్దీ కాంతి చుక్క సన్నబడుతుంది. అప్పుడు డిస్కు మీద గుంటలు చిన్నవిగా, దగ్గరదగ్గరగా ఉన్నా చదవొచ్చు. నాతో పోటీపడ్డ బ్లూ-రేది కూడా ఇదే 405. మా ఇద్దరికీ తేడా వచ్చింది లోతు దగ్గర.

బ్లూ-రే వాళ్లు కటకం కాంతిని కూడగట్టే సామర్థ్యాన్ని (న్యూమరికల్ అపర్చర్) 0.85కి పెంచారు. చుక్క ఇంకా సన్నబడింది. అయితే అంత సామర్థ్యం గల కటకంతో ప్లాస్టిక్ లోతుల్లోకి చూస్తే, తిరిగే డిస్కు రవ్వంత వంగినా చుక్క చెదిరిపోతుంది. అందుకని సమాచారాన్ని ఉపరితలానికి 0.1 మిల్లీమీటర్ల దూరం దాకా పైకి తెచ్చారు. ఒక్కో పొరలో 25 గిగాబైట్లు పట్టాయి. పైకి తెస్తే గీతల భయం. అందుకే తొలినాళ్లలో ఆ డిస్కుల్ని ప్లాస్టిక్ డబ్బాలోనే ఉంచి వాడాల్సొచ్చింది. టీడీకే గట్టి పూత కనిపెట్టాకే ఆ డబ్బా పోయింది.

మావాళ్లు కటకాన్ని 0.65 దగ్గరే ఉంచి, సమాచారాన్ని పాత 0.6 లోతులోనే దాచారు. పొరకు 15 గిగాబైట్లే పట్టాయి, నిజమే. కానీ డీవీడీలు అచ్చువేసే కర్మాగారాలు కొద్దిపాటి మార్పులతో నా డిస్కుల్నీ వేయగలిగాయి. ఒకవైపు డీవీడీ, రెండోవైపు హెచ్‌డీ ఉన్న డిస్కులూ వచ్చాయి. ఉన్న యంత్రాల్ని పారేయకుండా కొత్తది తేవడం నా దృష్టిలో గొప్ప ఇంజనీరింగే.

నా పొట్టలో పెంటియమ్ 4 ప్రాసెసర్ ఉంది, లినక్స్ నడుస్తుంది. వెనక ఇంటర్నెట్ తీగ పెట్టే చోటు మా జాతిలో ప్రతి ప్లేయర్‌కూ తప్పనిసరి. ఇక బొమ్మ సంగతి. మొట్టమొదట వచ్చిన డిస్కుల్లో ‘ద లాస్ట్ సమురాయ్’ ఒకటి. అడవిలో పొగమంచు చీల్చుకుంటూ గుర్రాల మీద సమురాయ్‌లు దూసుకొచ్చే ఘట్టం చూడండి. డీవీడీలో ఆ మంచు గళ్లుగళ్లుగా విరుగుతుంది. నా 1080 గీతల్లో బూడిదరంగు ఛాయలు ఒకదాంట్లోకి ఒకటి కరుగుతాయి, ముందుగా కొమ్ముల శిరస్త్రాణం అంచు తేలుతుంది, తర్వాత మనిషి. ఒహాయోలో నన్ను కొన్న మా ఇంటాయన ఆ చోట డిస్కుని వెనక్కి తిప్పి మళ్లీ చూసేవాడు.

ఇంకో మంచి గుణం ఉంది. నా డిస్కులకు ప్రాంతాల తాళం లేదు, ఎక్కడ కొన్నా ఎక్కడైనా ఆడతాయి. బ్లూ-రే ప్రపంచాన్ని మూడు ప్రాంతాలుగా పంచింది. అమెరికాది ఏ, ఇండియాది సీ. తాళం వేసిన అమెరికా డిస్కుని హైదరాబాద్‌లో కొన్న ప్లేయర్‌లో పెడితే మామూలుగా ఆడదు. డబ్బిచ్చి కొన్న సినిమాని దేశం మారితే చూడనివ్వకపోవడం నాకు ఇప్పటికీ అన్యాయంగానే తోస్తుంది.

2005లో రెండు వర్గాలూ మళ్లీ రాజీకి కూర్చున్నాయి. ఈసారి కుదరలేదు. 2006 నవంబరులో బ్లూ-రే కూడా ఆడించే ప్లేస్టేషన్ 3 వచ్చింది. ఆటల కోసం కొన్న ప్రతి ఇంట్లోకీ బ్లూ-రే ప్లేయర్ చేరింది. సినిమా స్టూడియోల్లో యూనివర్సల్ మాతోనే ఉంది, పారామౌంట్ 2007లో పూర్తిగా మావైపు వచ్చింది. కానీ ఏది నిలుస్తుందో తెలియక జనం కొనడం వాయిదా వేశారు. 2008 జనవరి 4న వార్నర్ ఇకపై బ్లూ-రే మాత్రమేనంది. డీవీడీ కోసం తోషిబాతో భుజం కలిపిన ఇల్లు అది. ఆ మాట నన్ను అన్నిటికన్నా గట్టిగా తాకింది. ఫిబ్రవరిలో వాల్‌మార్ట్ తప్పుకుంది, 19న తోషిబా చేతులెత్తేసింది. మరుసటి ఏడు అదే తోషిబా బ్లూ-రే ప్లేయర్ తెచ్చింది. కంపెనీ బతకాలి కదా, దానికి నేను నొచ్చుకోను.

నాకు దిగులంతా డిస్కుల గురించే. లేజర్ రంగు ఒకటే అయినా మామూలు బ్లూ-రే ప్లేయర్లు వాటిని చదవవు. కొన్ని డిస్కులు లోపలే పాడై నాకూ అందడం లేదు. మిగిలినవాటిని మా ఇంటాయన అప్పుడప్పుడూ ఒక్కొక్కటిగా పెట్టి, చివరిదాకా ఆడుతున్నాయో లేదో చూసి, పెట్టె మీద తేదీ రాస్తున్నాడు. నా లేజర్ ఎప్పుడైనా ఆరిపోతుందని, నాలాంటి పాత ప్లేయర్‌నే ఇంకోదాన్ని కొని అలమారలో ఉంచాడు.