పాతికవేల ఖరీదు

భోపాల్ వెళ్ళేవారికి టూరిజం శాఖ చూపించే జాబితా చిన్నదేం కాదు. పెద్ద చెరువు, గిరిజన మ్యూజియం, మానవ సంగ్రహాలయం, కాస్త దూరం పోతే సాంచీ స్తూపం, భీంబేట్కా గుహలు. వేల ఏళ్ళనాటి మనిషి బండ మీద గీసిన అడవిదున్న బొమ్మ చెరిగిపోకుండా సర్కారువారు కాపలా పెట్టారు. మెచ్చుకోవలసిందే. 1984లో యూనియన్ కార్బైడ్ ఫ్యాక్టరీ విషవాయువుకు బలైన మనిషిని చూడాలంటే మాత్రం ఆటో అతన్ని బతిమాలుకుని బెరసియా రోడ్డులోని హౌసింగ్ బోర్డు కాలనీకి పోవాలి. ఆ మనిషికి దక్కింది ఒక మామూలు ఇల్లు. పేరు రిమెంబర్ భోపాల్ మ్యూజియం. 2014 డిసెంబరు 2న గ్యాస్ బాధితులూ వాళ్ళ వెంట నిలిచినవాళ్ళూ కలిసి తెరిచారు. సర్కారు సొమ్ము ముట్టకూడదు, కంపెనీల సొమ్ము అసలే ముట్టకూడదు అని నియమం పెట్టుకున్నారు. ఎంత అమాయకులో చూడండి! గల్లీ క్రికెట్ టోర్నమెంటుకే నలుగురు స్పాన్సర్లు దొరికే దేశంలో వీళ్ళకు డబ్బు చేదట.

లోపల ఫొటోలు, పోయినవాళ్ళ వస్తువులు. గోడలకు టెలిఫోన్ రిసీవర్లు. ఒకటి ఎత్తి చెవి దగ్గర పెట్టుకుంటే, విషవాయువు ఊరిని కమ్మిన ఆ రాత్రి బతికి బయటపడ్డ మనిషి తన గొంతుతో తన సంగతి చెప్పుకుపోతాడు. మధ్యలో మీరు ‘ఊఁ’ కొట్టక్కర్లేదు. నలభై ఏళ్ళుగా సచివాలయంలో ఎవరూ ఎత్తని ఫోన్లు ఇవి. పనిలేనివాళ్ళు కనుక మీరు ఎత్తుతారని అక్కడ పెట్టారు.

భోపాల్ అనగానే లోకానికి గుర్తొచ్చే ఫొటో ఒకటుంది. మట్టిలో సగం పూడ్చిన పసిబిడ్డ, పైకి తేలిన ముఖం, తెరుచుకునే ఉన్న కళ్ళు. రఘురాయ్ నలుపు తెలుపుల్లో తీశాడు, పాబ్లో బార్తొలొమ్యూ రంగుల్లో తీశాడు. రంగుల దానికి ఆ ఏటి వరల్డ్ ప్రెస్ ఫొటో బహుమతి వచ్చింది. చచ్చినవాడి కళ్ళు చారెడని ఊరికే అన్నారా? ఏటా డిసెంబరు 3 రాగానే పేపర్లన్నీ ఆ చారెడు కళ్ళనే వేస్తాయి, మనం ‘అయ్యో’ అంటాం, కాఫీ చల్లారుతుందని పేజీ తిప్పుతాం. ఆ బిడ్డ ఎవరో నేటికీ తెలియదు. ఆ చావులకు బాధ్యులెవరో మాత్రం పేర్లూ హోదాలతో సహా కోర్టు కాగితాల్లో ఉంది. చచ్చినవాళ్ళ ముఖాలు గోడల మీద, బాధ్యుల ముఖాలు ఫైళ్ళ మడతల్లో. ఇదీ మన పంపకం!

అందుకే నాదో ప్రతిపాదన. బాధితుల మ్యూజియం బాధితులే పెట్టుకున్నారు గనుక, బాధ్యుల మ్యూజియం సర్కారువారు పెట్టాలి. ఫొటోలకు కొదవ లేదు. నేనే కొన్ని సూచిస్తాను.

మొదటి గదిలో ఒక బాండు కాగితం. 1984 డిసెంబరు 7న యూనియన్ కార్బైడ్ అధిపతి వారెన్ ఆండర్సన్ భోపాల్‌లో దిగాడు. పోలీసులు ధైర్యంగా అరెస్టు చేశారు. చేసి ఎక్కడ ఉంచారు? ఆ కంపెనీ వారి సొంత గెస్ట్ హౌస్‌లోనే, కొత్తల్లుణ్ణి విడిదింట్లో దించినట్టు. పాతికవేల రూపాయల బాండు, పిలిచినప్పుడు వస్తానని ఒక సంతకం. ఆ రోజే రాష్ట్ర ప్రభుత్వ విమానంలో ఢిల్లీకి సాగనంపు. ఊళ్ళో ఇంకా శవాలకు సంస్కారాలు తెమలలేదు. తర్వాత కోర్టు పిలిచింది, రాలేదు. 1992లో పరారీలో ఉన్నాడని ప్రకటించింది. పరారీ అంటే ఏ అడవులో కొండలో అనుకునేరు, అమెరికాలో సొంత ఇంట్లో. అప్పగించమని అడిగితే అమెరికా కాదు పొమ్మంది. 92 ఏళ్ళు నిండుగా బతికి 2014 సెప్టెంబరు 29న ఫ్లారిడాలో పోయాడు, ఈ మ్యూజియం తెరవడానికి రెండు నెలల ముందు. ఉండి ఉంటే ప్రారంభోత్సవానికి పిలవచ్చు గానీ, సమన్లకే రాని మనిషి శుభలేఖకు వస్తాడా?

రెండో గదిలో ఒక పాతికవేల చెక్కు. కేంద్రం అడిగింది 330 కోట్ల డాలర్లు, 1989లో కోర్టులో రాజీపడింది 47 కోట్లకు. సర్కారు లెక్కలోనే గాయపడ్డవాళ్ళు అయిదున్నర లక్షలు దాటారు. వాళ్ళలో అత్యధికుల చేతికి ఏళ్ళ తరబడి తిరిగాక వచ్చింది పాతికవేలు. 1990 నుంచి నెలకు రెండువందల చొప్పున ఇచ్చిన మధ్యంతర సాయాన్ని అందులోంచి కోసుకున్నారు. చూపు మసకేసిన మనిషికీ ఊపిరితిత్తులు చెడిన మనిషికీ ఇదే రేటు. లెక్కల్లో మనవాళ్ళు ఎంత నిక్కచ్చో ఈ గదిలో తెలుస్తుంది.

మూడో గదిలో 2010 జూన్ 7 నాటి తీర్పు. కార్బైడ్ భారత శాఖ అధ్యక్షుడు కేశబ్ మహీంద్రాతో సహా ఏడుగురు దోషులు. రెండేళ్ళ జైలు, లక్ష చిల్లర జరిమానా. పాతికేళ్ళు దాటాక వచ్చిన శిక్ష. ఆ రోజే బెయిలు. పూచీకత్తు ఎంతనుకున్నారు? పాతికవేలు! ఈలోగా బంగారం పెరిగింది, కందిపప్పు పెరిగింది, బస్సు టిక్కెట్టు పెరిగింది. భోపాల్‌లో చంపినందుకు పూచీ, బతికినందుకు పరిహారం, రెండూ పాతికవేల దగ్గరే నిలిచాయి. ధరల అదుపులో ఇంతటి విజయం రిజర్వు బ్యాంకు కూడా సాధించలేదు.

పొదుపు మీద కూడా ఒక గది ఉండాలి. మిథైల్ ఐసోసైనేట్ ట్యాంకును చల్లగా ఉంచే యంత్రాన్ని ఖర్చు తగ్గించడానికి 1984 జూన్‌లోనే ఆపేశారు. వాయువును కడిగే స్క్రబ్బరు పనిలో లేదు. కాల్చేసే ఫ్లేర్ టవరుకు గొట్టం ఊడదీసి ఉంది. నీళ్ళు చేరి ట్యాంకు ఉడుకుతుంటే, ఊరికి వినపడే సైరన్ను కాసేపు మోగించి ఆపేశారు. జనం నిద్ర చెడకూడదన్న దయ కాబోలు. ఆసుపత్రిలో డాక్టర్లు విరుగుడేమిటని అడిగితే, ఇది కళ్ళు మండించే వాయువే, నీళ్ళతో కడగమన్నారు కంపెనీవాళ్ళు. ఆ గది గుమ్మం దగ్గర ‘రపట్’ అనే చిన్న హిందీ వారపత్రిక పాత సంచికలు అద్దాల్లో పెట్టాలి. రాజ్‌కుమార్ కేశ్వానీ 1982లోనే ఈ ఫ్యాక్టరీ ఊరిని మింగుతుందని అందులో రాశాడు. చిన్న పత్రిక కదా, పెద్దవాళ్ళు చదవరు.

సర్కారువారు ఏమీ చెయ్యలేదంటే పాపం తగులుతుంది. మధ్యప్రదేశ్‌లో గ్యాస్ బాధితుల సహాయానికి ప్రత్యేక శాఖ పెట్టారు, దానికి మంత్రిని పెట్టారు. డిసెంబరు 3న భోపాల్‌లో సెలవిచ్చారు. ఫ్యాక్టరీలో పడివున్న విషపు వ్యర్థాలను కూడా తీసేశారు. 337 టన్నులు, 12 కంటైనర్లు, ముందూ వెనకా పోలీసులు, 2025 జనవరిలో పీథంపూర్‌కు. ఆండర్సన్‌ను పంపడానికి ఒక్క పూట పట్టింది, ఆయన కంపెనీ చెత్తను పంపడానికి నలభై ఏళ్ళు పట్టింది. మనిషికి విమానమిచ్చారు, చెత్తకు లారీ ఇచ్చారు. తేడా అంతే.

ఇదంతా ఎక్కడో భోపాల్ గొడవ అనుకుంటే, మన విశాఖ వైపు ఒకసారి తిరగండి. 2020 మే 7 తెల్లవారుజామున ఎల్‌జీ పాలిమర్స్ ట్యాంకులోంచి స్టైరీన్ వచ్చి ఆర్.ఆర్. వెంకటాపురం మీద పడింది. పన్నెండు మంది పోయారు. రోడ్డు మీద పరుగెత్తుతూనే కూలిపోయిన మనుషులను, కట్టుతాడు దగ్గరే పడిపోయిన పశువులను రాష్ట్రమంతా ఫోన్లలో చూసింది. అక్కడైతే సైరన్ అసలే మోగలేదు. పర్యావరణ అనుమతి లేకుండానే నడుపుతున్నామని ఏడాది ముందే ఆ కంపెనీ అఫిడవిట్‌లో రాసిచ్చింది. అయినా ఎవరి నిద్రా చెడలేదు. జూలైలో కంపెనీ సీఈఓతో సహా పన్నెండు మందిని అరెస్టు చేశారు. కొద్ది వారాలకే బెయిలు మీద బయటికొచ్చారు. పోయిన వాళ్ళ కుటుంబాలకు కోటి చొప్పున ఇచ్చారు గనుక భోపాల్ కంటే రేటు పెరిగింది. పద్ధతి మారలేదు.

కనుక వెంకటాపురం వాళ్ళకూ, ఆ చుట్టుపక్కల వాళ్ళకూ ఒక్క మనవి. ఆ తెల్లవారుజామున తీసిన ఫొటోలు మెమరీ నిండిందని చెరిపెయ్యకండి. ఎవరైనా ఒక గది అద్దెకిస్తే అచ్చు వేయించి గోడకు తగిలించండి. వాటి పక్కనే ఆ అఫిడవిట్ నకలు, బెయిలు ఉత్తర్వు నకలు కూడా తగిలించండి, అదే సైజులో.