నాసా దిగిన డాబా

ఉగాది పచ్చడి గిన్నె కడిగేలోపే గేటుకు కరపత్రం వేలాడుతుంది. నాసా టెక్నాలజీ పెయింటు, రెండు పూతలకే ఇంటి వేడి 20 డిగ్రీలు తగ్గింపు, గ్యారంటీ. చంద్రుడి మీద మనిషిని దింపినవాళ్లు చివరికి మన డాబాల మీదకు దిగారన్నమాట. ఆ లెక్కన బయట 44 ఉంటే గదిలో 24 ఉండాలి. రోహిణీకార్తెలో, రామగుండంలో, మిట్టమధ్యాహ్నం దుప్పటి వెతుక్కోవాలి.

కరపత్రం వెనకాలే కుర్రాడు వస్తాడు, చేతిలో తుపాకీలాంటి థర్మామీటరు. డాబా ఎక్కి ఉత్త సిమెంటు మీద ఎర్రచుక్క పెడతాడు: 61. పక్కనే తన తెల్లరంగు పూసిన జానెడు చోట పెడతాడు: 41. "చూశారా అంకుల్, ఇరవై!" అంకుల్ ముందు నోరు తెరుస్తారు, తర్వాత పర్సు. కుర్రాడు అబద్ధమాడలేదు. ఆ ఇరవై నిజమే, కాకపోతే అది డాబా పైచర్మానిది. అంకుల్ కాపురముండేది దాని కింద. అక్కడ తగ్గేది నాలుగైదు డిగ్రీలు దాటితే గొప్ప. ఆ మాత్రానికీ విలువ ఉంది. 2023లో తెలంగాణ ప్రభుత్వం కూల్ రూఫ్ విధానం తెచ్చింది ఊరికే కాదు. బకెట్టు సున్నం కూడా చాలావరకు అదే పని చేస్తుంది. కానీ సున్నానికి నాసా లేదు, కరపత్రం లేదు, కమీషన్ అసలే లేదు.

రేకు షీట్ల వ్యాపారి ఇంకో మెట్టు పైన. తళతళలాడే అల్యూమినియం రేకు పరిచి అదే తుపాకీ గురి పెడతాడు. అంకె ఇంకా కిందికి పోతుంది. ఈసారి మాత్రం అబద్ధం తుపాకీదే. వస్తువు చిమ్మే పరారుణ కిరణాలను బట్టి అది అంకె వేస్తుంది. మెరిసే లోహం తన వేడిని అంతగా బయటపెట్టదు, పైనున్న ఆకాశాన్ని అద్దంలా చూపిస్తుంది. నమ్మకం లేకపోతే పొగలు కక్కే టీ స్టీలు గ్లాసులో పోసి, గ్లాసు పక్కకు గురి పెట్టించండి. చల్లారిందనే చెబుతుంది. ఆ మాట మీద గ్లాసు పట్టుకునే పని కుర్రాడికే అప్పగించండి. పైగా రేకు పనిచేయాలంటే ఒకవైపైనా గాలికి ఖాళీ ఉండాలి. సిమెంటులో పూడ్చిపెట్టాక అది ఉత్త లోహం.

ఇంతకీ అంకుల్‌కి ఉక్క పోసేదెప్పుడు? రాత్రి పదింటికి. పగలంతా ఎండ తాగిన స్లాబు పొద్దు గుంకాక ఆ వేడిని నిదానంగా మంచం మీదకు దించుతుంది. కాబట్టి అడ్డు వేయాల్సింది స్లాబు నెత్తిన: ఒకటి రెండంగుళాల గట్టి ఫోమ్ బోర్డు, నీరు దిగకుండా వాటర్‌ప్రూఫింగ్, ఆపైన తెల్ల టైల్స్. 2018లో కేంద్రం ఇళ్ల కోసం తెచ్చిన ఇంధన పొదుపు నియమావళి ఎకో నివాస్ సంహిత, ఇంటి పైకప్పు యు-విలువ (వేడి ఎంత సులువుగా లోపలికి దిగుతుందో చెప్పే అంకె) 1.2 దాటకూడదంటుంది. ఉత్త స్లాబుది 3కు పైమాటే. రెండంగుళాల బోర్డు పడితే ఒకటికి దిగువకు వస్తుంది. ఈ అంకె మాత్రం ఏ కరపత్రంలోనూ నా కంటబడలేదు.

మనం చేయించేది వేరు. స్లాబు కింద పీఓపీ ఫాల్స్ సీలింగ్, సందులో థర్మకోల్, చుట్టూ నాలుగు రంగుల లైట్లు. వేడిని కొంత ఆపుతుంది, కాదనను. స్లాబు మాత్రం యథాప్రకారం కాగుతూ, పగుళ్లు విచ్చుతూ ఉంటుంది. ఆ పగుళ్లలోంచి దిగిన వాననీరు పీఓపీ మీద మరకయ్యేదాకా ఎవరికీ పట్టదు.

రాయలసీమలో మిద్దెల మీద చవుడు మందంగా పరుచుకున్న తాతలకు యు-విలువ తెలియదు, మధ్యాహ్నం కునుకు తెలుసు. మనవడు ఆ మిద్దె పడగొట్టి నాలుగంతస్తులు లేపాడు. ఈశాన్యం జానెడు తగ్గిందని వాస్తు పండితుడు అనగానే కట్టిన గోడ కూల్చి మళ్లీ కట్టించాడు. పడమటి గోడ నిండా నీలి అద్దం బిగించినప్పుడు మాత్రం ఆయనా నోరెత్తలేదు, ఇంజినీరూ ఎత్తలేదు, ఎలివేషన్ కదా! గదికో ఏసీ వచ్చింది. డాబాకు నాసా పెయింటూ పడింది, దాని నడిమధ్యన నల్ల ప్లాస్టిక్ ట్యాంకు. మే నెలలో గీజర్ కరెంటు మిగులుతోందని చుట్టాలకు చెప్పుకుంటున్నాడు.