అంట్లయంత్రానికి జలోదరం

నీళ్ళు దిగడం లేదు. డిష్‌వాషర్ ఉన్న ఇళ్ళవాళ్ళకు ఈ ఒక్క మాట చాలు. తలుపు తీయగానే మొహాన కొట్టే మురుగు వాసన, అడుగున నిలిచిపోయిన బూడిదరంగు నీళ్ళు, వాటి మీద నూనె చుక్కలు, మధ్యలో ఏమీ ఎరగనట్టు తేలుతున్న కరివేపాకు. ఇవేవీ వాళ్ళకు విడమరిచి చెప్పక్కర్లేదు. యంత్రం లేనివాళ్ళకు చెప్పినా ఎక్కదు. పైగా "మీకేమండీ, మెషీన్ ఉంది" అంటారు. అలా అన్నవాళ్ళందరినీ గుర్తుపెట్టుకున్నాను. వాళ్ళ గృహప్రవేశాలకు ఏం బహుమతి తీసుకెళ్ళాలో కూడా నిర్ణయించుకున్నాను.

కస్టమర్ కేర్‌కు ఫోన్ చేస్తే ఒకమ్మాయి ఎంతో మర్యాదగా, "అడుగున కొద్దిగా నీళ్ళు ఉండటం నార్మల్ సార్" అంది. నిజమే, మాన్యువల్లోనూ అలాగే ఉంది. పంపు దగ్గరి రబ్బరు ఎండిపోకుండా కాసిని నీళ్ళు నిలవాలట. కొద్దిగా అంటే ఎంతమ్మా అని అడిగాను. "కొద్దిగా అంటే కొద్దిగానే సార్" అంది. వంటల పుస్తకాల్లో "ఉప్పు తగినంత" చదివి ఇల్లు నడిపిన జాతి మనది, ఆ కొలతా సర్దుకుపోదును. కానీ మా యంత్రం పొట్టలో ఉన్న నీళ్ళతో నలుగురికి చారు కాచవచ్చు.

కొనేటప్పుడు షోరూం కుర్రాడు, "అంట్లు లోపల పెట్టండి, బటన్ నొక్కండి, పడుకోండి" అన్నాడు. ఏ అంట్లో చెప్పలేదు. ఇంటికొచ్చాక మాన్యువల్ చెప్పింది. అల్యూమినియం పెట్టకూడదు, నల్లబడుతుంది. ఇత్తడి, రాగి పెట్టకూడదు. ఇనుప పెనం పెడితే తుప్పు. చెక్క గరిటె పెడితే పగుళ్ళు. మెతుకులు, తొక్కలు, గింజలు ముందే దులిపి పెట్టాలి. ఇవన్నీ పోగా తెలుగువాళ్ళ వంటింట్లో మిగిలేవి కాఫీ గ్లాసులూ, పెళ్ళిళ్ళలో వచ్చిన స్టీలు పళ్ళేలూను. వాటినీ మా ఆవిడ ఒకసారి నీళ్ళ కింద తొలిచి మరీ పెడుతుంది. "దులపడానికీ తొలవడానికీ తేడా ఉందట, తొలవక్కర్లేదట" అని మాన్యువల్ చదివి వినిపిస్తే, "ఎంగిలి కంచాలు దాంట్లో రాత్రంతా ఎలా ఉంచుతామండీ?" అంది. ఆ ప్రశ్నకు జర్మన్ ఇంజినీర్ల దగ్గర కూడా జవాబు ఉన్నట్టు లేదు.

దీనికి ఆహారనియమాలు కూడా ఉన్నాయి. సబ్బు బిళ్ళ ఒకటి, గ్లాసులు మెరవడానికి నీలం ద్రవం ఒకటి, వీటికి తోడు ఉప్పు. మామూలు ఉప్పు పనికిరాదు, అయొడిన్ కలవని రాళ్ళ ఉప్పు దానికోసం ప్రత్యేకంగా అమ్ముతారు. కూకట్‌పల్లి బోరు నీళ్ళ సంగతి తెలిసిందే కదా, బకెట్టు అంచున తెల్లటి చార కడితే గోటితో గీకినా పోదు. నీళ్ళలోని కాల్షియాన్నీ మెగ్నీషియాన్నీ పట్టి ఉంచే రెసిన్ పూసలు యంత్రం లోపల ఉంటాయి. అవి నిండిపోయినప్పుడు ఉప్పునీళ్ళతో కడిగితే మళ్ళీ పనికొస్తాయి. అందుకని నెలనెలా కిలో చొప్పున పోస్తున్నాం. ఉప్పయితే తింటోంది కానీ తిన్న విశ్వాసం మాత్రం లేదు.

సరే, వైద్యం మనమే మొదలుపెడదామని బోర్డు దగ్గర స్విచ్ ఆపి, కింది అర బయటికి లాగి, ఫిల్టర్‌ను ఎడమవైపు తిప్పి పైకి తీశాను. నీళ్ళను స్పాంజితో పీల్చి బకెట్లోకి పిండాను. అడుగున తేలినవి ఇవీ: ఆవాలు, మెంతులు, చింతపండు పీచు, యాలక్కాయ తొక్క, పచ్చడి సీసా మీది లేబుల్ ముక్కలు, స్టీలు పీచు తునక, పంటికి అడ్డం పడితే వెతుక్కునేంత ఎముక. మాది శాకాహారం. ఎముక గురించి ఇంట్లో ఎవరూ మాట్లాడలేదు. మా అబ్బాయి మాత్రం ఆ సాయంత్రం తొందరగా చదువుకోవడానికి కూర్చున్నాడు.

ఫిల్టర్ కింద పంపు మూత ఉంటుంది. దాన్ని చెంచా కాడతో ఎత్తి తీస్తే చిన్న రెక్కల చక్రం కనిపిస్తుంది. వేలితో తిప్పితే సాఫీగా తిరగదు. కాస్త తిరిగి ఆగి, టక్కున ముందుకు దూకి, మళ్ళీ ఆగుతుంది. లోపల అయస్కాంతం ఉండటం వల్ల దాని నడకే అంత, పాడైపోయిందని కంగారు పడనక్కర్లేదు. గాజు పెంకు ఉంటే వేలు తెగుతుంది కనుక ముందు చెంచాతో కెలకడం మంచిది. దాని రెక్కకు చుట్టుకున్న దారం ఒకటి తీశాను. తిరిగింది. పెట్టి చూస్తే నీళ్ళు సగం దిగాయి, సగం దిగలేదు.

దిగని సగానికి కారణం గొట్టం. డ్రైన్ గొట్టం యంత్రం నుంచి బయలుదేరి ముందు ఎత్తుకు లేచి, ఆ తర్వాతే కాలవలోకి దిగాలి. మా మాన్యువల్ ప్రకారం కనీసం 40 సెంటీమీటర్ల ఎత్తు. అంత ఎత్తు లేకపోతే సింకు మురుగు వెనక్కి వస్తుంది, లేదా పట్టిన నీళ్ళు పట్టినట్టే జారిపోతుంటాయి. మన అపార్ట్‌మెంట్లు కట్టినవాళ్ళకు పూజగది ఈశాన్యంలో ఉండాలని తెలుసు కానీ వంటింట్లో ఇంకో కాలవ కావాల్సొస్తుందని తెలియదు. దాంతో ప్లంబర్ గోడకు కన్నం పెట్టి, గొట్టాన్ని బాల్కనీలో వాషింగ్ మెషీన్ జాలీ దాకా నేలమీద పాకించాడు. దారిలో గ్యాస్ సిలిండర్ దాని నడుం మీద కూర్చుంది.

ఈలోగా కంపెనీవాళ్ళ టెక్నీషియన్ రానే వచ్చాడు. లోపల దీపం వేసి చూసి, "పంపు పోయింది సార్, మార్చేద్దాం" అన్నాడు. తిరుగుతోంది కదా బాబూ అంటే, "తిరుగుతది సార్, దమ్ లేదు" అన్నాడు. ఆ రెక్కల చక్రం ఒక్కటే మార్చకూడదా అని అడిగాను. "గది సపరేట్‌గ రాదు సార్. మొత్తం అసెంబ్లీనే. ఇప్పుడు స్టాక్ లేదు." ఏది అడిగినా మొత్తం అసెంబ్లీనే! పాతకాలం కుళాయి చుక్కచుక్కగా కారితే అర్ధరూపాయి వాషర్ తెచ్చి వేసుకునేవాళ్ళం. ఇప్పుడు కుళాయితో పాటు గోడ కూడా కొనమంటున్నారు. వస్తువు కొన్నవాడికి దాన్ని బాగు చేయించుకునే హక్కు ఉందని, కేంద్ర వినియోగదారుల శాఖ 2022 డిసెంబర్ 24న రైట్ టు రిపేర్ పేరుతో ఒక పోర్టల్ కూడా తెరిచింది. పోర్టల్ బాగుంది. నాకు కావాల్సింది రెక్కల చక్రం.

వెళ్ళేముందు అతను యంత్రాన్ని గ్రానైటు కిందనుంచి బరబరా ముందుకు లాగి, వెనక ఏదో చూసి, మోకాలితో లోపలికి నెట్టాడు. చూసినందుకు డబ్బులు తీసుకున్నాడు. ఆ నెట్టుడులో ఏ క్లిప్పు వదులైందో ఏమో, మర్నాటి నుంచి నీళ్ళు దిగకపోవడమే కాక కారడం కూడా మొదలైంది. అదీ బయటికి కాదు, దాని లోపలికే. యంత్రం కింద రేకు తట్ట ఒకటి ఉంటుంది. ఆ తట్టలో ఒక థర్మాకోల్ ముక్క. నీళ్ళు చేరితే ముక్క తేలుతుంది. తేలితే పైనున్న చిన్న స్విచ్చు నొక్కుకుంటుంది. నొక్కుకుంటే యంత్రం సమస్త కార్యక్రమాలూ ఆపేసి, నీళ్ళు పట్టడం మానేసి, ఉన్నవాటిని తోడిపోయడానికి పంపు వేసుకుని, కరెంటు తీసేదాకా గుర్రుమంటూనే ఉంటుంది. ఇల్లు మునగకుండా కాపాడే ఏర్పాటు, కాదనను. కానీ వేలకు వేలు పోసి కొన్న కంప్యూటర్ బుర్ర యంత్రానికి యజమాని అగ్గిపెట్టెంత థర్మాకోల్ ముక్క అని తెలిసిన రాత్రి నాకు నిద్ర పట్టలేదు.

ఎందుకంటే థర్మాకోల్‌ని మనం ఎన్నడూ అంత పెద్దమనిషిగా చూడలేదు. నూటికి తొంభై అయిదు పాళ్ళకు పైగా గాలే. మా హైస్కూల్లో సైన్స్ ఫేర్ అంటే థర్మాకోలే. గుండెకాయ, అగ్నిపర్వతం, నాగార్జునసాగర్ డ్యాం అన్నీ దానితోనే. బ్లేడుతో కోస్తుంటే వచ్చే ఆ కిర్రుమనే చప్పుడు తలుచుకుంటే ఇప్పటికీ పళ్ళు జివ్వుమంటాయి. తెల్ల జిగురు కాకుండా సైకిల్ షాపు సొల్యూషన్ పూస్తే గుండెకాయ కరిగి గుంట పడేది, మాస్టారు దాన్ని జబ్బు గుండె అని రాసి మార్కులు వేసేవారు. స్కూలు వార్షికోత్సవంలో భీముడి గద కూడా అదే. దుర్యోధనుడి తొడ మీద కొట్టగానే గద విరిగింది, తొడకేమీ కాలేదు. ఫ్యాను గాలికి గద తలకాయ జనంలోకి ఎగిరిపోతే ధర్మరాజు వేషగాడు దిగివెళ్ళి తెచ్చి ఇచ్చాడు.

ఒకప్పుడు పెళ్ళి మండపంలో వధూవరుల పేర్లు కూడా థర్మాకోల్ అక్షరాలే, వాటి మీద చమ్కీ, మధ్యలో "వెడ్స్". తలంబ్రాల వేళకు ఒక అక్షరం తప్పకుండా రాలేది. మా పెదనాన్నగారి అమ్మాయి పెళ్ళిలో పెళ్ళికొడుకు పేరు మొదటి అక్షరం రాలిపోతే, మిగిలినది వాళ్ళ మామగారి పేరయింది. ఫొటోలన్నీ అలాగే వచ్చాయి. అప్పటి వినాయకచవితి పందిళ్ళలో హిమాలయాలు అదే, తిరుమల గోపురం అదే. భీమవరం చేపలు మంచుతో సహా రాష్ట్రం దాటేదీ ఆ పెట్టెల్లోనే. ఇక అటక మీద సంగతి. మా నాన్నగారు బ్యాంకు ఉద్యోగి. టీవీతో వచ్చిన థర్మాకోల్ దిమ్మల్ని పారేయనిచ్చేవారు కాదు. "ట్రాన్స్‌ఫర్ అయితే పనికొస్తాయిరా" అనేవారు. ట్రాన్స్‌ఫర్ అయ్యేది, దిమ్మలు దిగేవి, ఏది పైదో ఏది కిందిదో తేలేది కాదు. చివరికి టీవీ పరుపులో చుట్టుకుని వెళ్ళేది, దిమ్మలు విడిగా లారీ ఎక్కేవి. కొత్త ఊళ్ళో మొదట అటక ఎక్కేవీ అవే. ఆయన రిటైరయ్యాక కూడా అవి అటక దిగలేదు. ఆ జాతి ముక్క ఒకటి ఇప్పుడు నా వంటింట్లో కూర్చుని, అంట్లు తోమాలో వద్దో నిర్ణయిస్తోంది.

ముక్కను శాంతింపజేయాలంటే తట్టలో నీళ్ళు పోవాలి. వాచ్‌మన్ సాయంతో యంత్రాన్ని ముందుకు లాగి, పాత దుప్పట్లు పరిచి, మెల్లిగా వంచాం. జలోదరం రోగికి సూది గుచ్చి నీరు తీసినట్టు బొళబొళా వచ్చాయి. వదులైన క్లిప్పు బిగించాం. సిలిండర్‌ను జరిపి, గొట్టాన్ని ఎత్తుగా మేకుకు వేలాడదీశాం. ప్రస్తుతానికి నీళ్ళు దిగుతున్నాయి.

ఆ వంచిన యంత్రం పక్కన చతికిలబడి, దీన్ని కనిపెట్టిన మహాతల్లి ఎవరా అనుకున్నాను. నిజంగా తల్లే. అమెరికాలోని ఇలినాయ్ రాష్ట్రంలో జోసెఫిన్ కాక్రన్ అనే ఆవిడ 1886 డిసెంబర్ 28న పేటెంట్ తీసుకుంది. పనివాళ్ళు కడిగేటప్పుడు తన ఖరీదైన పింగాణీ అంచులు పెచ్చులూడుతున్నాయని ఆవిడ బాధ అని చెబుతారు. భర్త అప్పులు మిగిల్చి పోయాక ఇంటి వెనక షెడ్డులో యంత్రం తయారు చేయించి, 1893 చికాగో ప్రపంచ ప్రదర్శనలో పెట్టింది. మొదట కొన్నది హోటళ్ళవాళ్ళు. అంటే ఈ యంత్రం పుట్టిందే పనివాళ్ళ చేతుల మీద ఫిర్యాదుతో.

మా ఇంటికి వచ్చింది 2020లో. లాక్‌డౌన్‌లో అపార్ట్‌మెంట్ గేటు మూసి, పనివాళ్ళను రానివ్వని రోజులు. గేటు తెరిచాక మాకు అంట్లు తోమే ఆమె వచ్చింది. సింకు పక్కన మెరుస్తున్న డబ్బాను చూసి, "గిన్నెలకు మెషీన్ తెచ్చిన్రా అమ్మా" అంది. తర్వాత, ఊడ్చి తుడవడం ఒక్కదానికైతే ఎంత ఇస్తారని అడిగింది. యంత్రానికి పంపే ముందు ఆవగింజ కూడా ఏరుతున్నాం. ఆమెకు మాడిన పాల గిన్నె అలాగే వేసేవాళ్ళం. దీనికి వేణ్ణీళ్ళు, అదీ మెత్తటి నీళ్ళు. ఆమెకు జనవరిలోనూ బోరు కుళాయే. ఇది వారాల తరబడి మానేస్తే ఫోన్లు చేసి బతిమాలుతున్నాం. ఆమె జ్వరమని మానేస్తే, నిజంగా జ్వరమేనా అని ఇంట్లో చర్చ జరిగేది. ఆమె వేళ్ళ సందులు ఎప్పుడూ ఒరుసుకుపోయి తెల్లగా ఉండేవి. దానికి ఎర్రర్ కోడ్ లేదు.

నిన్న కంపెనీవాళ్ళు ఫోన్ చేశారు. నా కంప్లయింటు గురించి కాదు, అది "కస్టమర్ ఇంట్లో లేరు" అని ఎప్పుడో మూసేశారట. ఏఎంసీ తీసుకుంటారా అని. ఏడాదంతా ఎన్నిసార్లయినా వస్తాం, పార్టులు ఉచితం అన్నాడు. పంపు రెక్కలు వస్తాయా? "ప్లాస్టిక్ పార్టులు కవర్ కావు సార్." తలుపు రబ్బరు? "రబ్బరు కవర్ కాదు సార్." గొట్టం? "అది కూడా రబ్బరే కదా సార్." థర్మాకోల్ ముక్క? అతను ఆ మాట ఎన్నడూ విన్నట్టు లేదు. కనుక్కుని చెప్తాను, లైన్లో ఉండండి అన్నాడు. స్పీకర్ ఆన్ చేసి సింకు గట్టు మీద పెట్టి, పళ్ళేలు తొలవడం మొదలుపెట్టాను.