రీడింగన్న

సెకండ్ హ్యాండ్ స్పోర్ట్స్ బండి కొనాలంటే జహీరాబాద్ కుర్రాడికి ఇద్దరి అనుమతి కావాలి. ఒకరు డబ్బులిచ్చే నాయన, రెండోవాడు రీడింగన్న. నాయన "లీటరుకెంతిస్తది?" అని ఒక్క ప్రశ్న వేసి, జవాబు విని నిట్టూర్చి ఊరుకుంటాడు. రీడింగన్న ఊరుకోడు.

ఆయనకో అసలు పేరుంది, ఆధార్ కార్డులో. వయసు నలభై దాటింది. జేబులో పెన్ను ఉండాల్సిన చోట చిన్న టార్చిలైటు ఉంటుంది. ఏం చేస్తావన్నా అంటే "ప్లాట్లు" అంటాడు. ఆ ప్లాట్లను చూసినవాళ్లు లేరు. ఆదివారం పొద్దున్నే హైదరాబాద్ నుంచి బీదర్ కోటకు గుంపులుగా పోయే బైకర్లు 65వ నంబరు జాతీయ రహదారి పక్కన చాయ్‌కి ఆగేసరికి, ఆయన అప్పటికే అక్కడ కూర్చుని ఉంటాడు. వాళ్ల చాయ్ తాగుతూ వాళ్ల బండ్లు చూస్తాడు. తప్పులు తెలుగులో పడతాడు, బేరం ఉర్దూలో ఆడతాడు. కేఏ 38 నంబరు బండైతే కన్నడలోకి, ఉద్గీర్ వైపు నుంచి వచ్చిందైతే మరాఠీలోకి దిగుతాడు. "సింగిల్ ఓనర్ అన్నా, తక్కువ తిరిగింది" అన్న మాటను మాత్రం నాలుగు భాషల్లోనూ నమ్మడు.

మన పిల్లలకు ఇప్పుడు ట్రాక్ పిచ్చి పట్టింది. 2023లో బుద్ధ్ సర్క్యూట్‌లో మోటోజీపీ జరిగినప్పటి నుంచి అది ముదిరింది. పాత ఆర్15 గానీ ఆర్‌సీ 390 గానీ కొనాలి, అద్దాలూ లైట్లూ పీకేయాలి, పికప్‌లో ఎక్కించి ఏడువందల కిలోమీటర్ల పైచిలుకు దూరంలో ఉన్న చెన్నై దగ్గరి ఇరుంగాట్టుకోట్టైకి పోవాలి. అలాంటి కుర్రాడొకడు వచ్చి ఫోన్‌లో ఫొటో చూపిస్తాడు.

"అన్నా, నాలుగు వేలే తిరిగింది."

"ఏడ తిరిగింది?"

"అంటే?"

"పటాన్‌చెరు డ్యూటీకి తిరిగిందా, చెన్నైల గుండ్రంగా తిరిగిందా?"

ఆ తర్వాత లెక్క మొదలవుతుంది. అక్కడి ట్రాక్ ఒక చుట్టు 3.7 కిలోమీటర్లు. ఇరవై నిమిషాలు వదిలితే మామూలు కుర్రాడు పది చుట్లు కొట్టలేడు. పొద్దంతా అయిదుసార్లు దిగినా రెండొందల కిలోమీటర్లు కాదు. ఏడాదికి ఆరుసార్లు పోయొచ్చినవాడి మీటరు మీద పెరిగేది వెయ్యి లోపో, కాస్త పైనో. "గా వెయ్యి అంతా పదివేల ఆర్‌పీఎం కాడనే తమ్మీ. గదే బండి మీద ఒకాయన దినాం సంగారెడ్డి పోయొచ్చిండనుకో, ఇరవై వేలైనా ఇంజన్‌కు చెమట పట్టది. నాలుగు వేలదాని కన్నా ఇరవై వేలదే పడుచుది."

ఈ జ్ఞానం ఆయనకు ఏ పుస్తకంలోనూ దొరకలేదు. మహీంద్రా ట్రాక్టర్లు తయారయ్యే ఊళ్లో పుట్టినవాడికి అది గాలిలోనే దొరుకుతుంది. ట్రాక్టరు ఎన్ని కిలోమీటర్లు తిరిగిందని ఇక్కడ ఎవరూ అడగరు, ఎన్ని గంటలు నడిచిందని అడుగుతారు. చెరుకు లోడు లాగిన గంటకూ, పెళ్లివారిని మోసిన గంటకూ తేడా రైతుకు తెలుసు. రేసుల కోసమే చేసే మట్టి బైకులకు కంపెనీ వాళ్లు కూడా సర్వీసు గంటల్లోనే రాసిస్తారు. కానీ ఈ మాట రీడింగన్నతో అనకూడదు. తను కనిపెట్టాననుకుంటున్నాడు.

మిగతా సగం విద్య తాతది. ఆ తాత అంగడిలో ఎద్దు నోరు తెరిచి పళ్లు చూసి వయసు చెప్పేవాడట. మనవడు వెనక చక్రం దగ్గర గొంతుక్కూర్చుని స్ప్రాకెట్ పళ్లు చూస్తాడు. అవి ఒకవైపుకు వంగి కొక్కేల్లా అయ్యాయా? చైన్‌ను వెనక్కి లాగితే పళ్ల మీది నుంచి లేస్తోందా? అయితే మీటరు ఎన్ని వేలు చెప్పినా ఆయన చెవిన పడదు.

బండి దగ్గరికి రాగానే ముందు ఇంజన్ మీద అరచెయ్యి పెడతాడు. వెచ్చగా ఉంటే ఏమీ అనకుండా చాయ్ అడుగుతాడు. అది చల్లారేదాకా చాయ్‌లు నడుస్తూనే ఉంటాయి. చల్లని ఇంజన్ స్టార్ట్ చేసినప్పుడే నిజం మాట్లాడుతుందని ఆయన సిద్ధాంతం, ఇది మాత్రం నూటికి నూరుపాళ్లు సరైనదే. తర్వాత టార్చి వెలుగుతుంది. టైరు నడుమ చదునుగా అరిగితే హైవే, అంచులు గరుకెక్కి అరిగితే ట్రాక్. టైరు పక్కన నాలుగంకెలు, 3221 అని ఉంటే 2021లో ముప్పై రెండో వారం పుట్టిందని. డిస్కు మందం ఎంతవరకు తగ్గొచ్చో డిస్కు మీదే చెక్కి ఉంటుంది. హ్యాండిల్ పూర్తిగా తిప్పితే ఆగేచోట ఫ్రేమ్ మీదున్న చిన్న ముక్క సొట్టపోతే, బండి ఎక్కడో గట్టిగా పడ్డట్టు. అన్నిటికన్నా ఆయనకు ఇష్టమైనది ఆయిల్ డ్రెయిన్ బోల్టు. దాని తలకు సన్నటి రంధ్రం కనిపిస్తే ముఖం వెలిగిపోతుంది. రేసులో బోల్టు ఊడి ఆయిల్ ట్రాక్ మీద పారకుండా తీగ చుట్టే రంధ్రమది.

"రోడ్డు మీదనే తిప్పినవా భాయ్?"

"రోడ్డు మీదనే అన్నా, అమ్మతోడు."

"మరి గీ రంధ్రం అమ్మ పెట్టిందా?"

ఒకసారి ఓ బండి మీటరు ఎక్కువ చూపిస్తోందని తేల్చి అమ్మేవాణ్నే నోరెళ్లబెట్టించాడు. కొన్ని బండ్లలో వేగం కొలిచే సెన్సర్ గేర్‌బాక్స్ దగ్గరుంటుంది. వెనక 45 పళ్ల స్ప్రాకెట్ తీసి 48ది వేస్తే చక్రం ఒక్క చుట్టు తిరగడానికి గేర్‌బాక్స్ ఎక్కువ తిరగాలి. మీటరు నూటికి ఆరు కిలోమీటర్లకు పైనే ఎక్కువ రాసుకుంటుంది. తన మీద తానే చాడీలు చెప్పుకునే మీటరును చూడ్డం అమ్మేవాడికి అదే మొదలు. ఆ దెబ్బకు ధర పెంచబోయాడు. రీడింగన్న అప్పుడు కన్నడలోకి మారిపోయాడు.

బేరం సంగతీ చెప్పాలి. తాత తువ్వాలు కింద వేళ్లు పట్టుకుని బేరమాడేవాడు. మనవడు హెల్మెట్ బోర్లించి, అందులో చెయ్యి పెట్టి, అమ్మేవాణ్ని కూడా పెట్టమంటాడు. పట్నం పిల్లలు అదేదో బ్లూటూత్ అనుకుని పెడతారు.

ఇంత చేసి ఆయన ఇప్పించిన బండ్లు ఎన్నని అడిగితే కుర్రాళ్లు ఒకరి మొఖాలొకరు చూసుకుంటారు. బండి కొంటే చూడ్డం అయిపోతుందని ఆయన బాధ కాబోలు.

ఆ మధ్య హైదరాబాద్ నుంచి ఒకాయన నింజా 300 తెచ్చాడు. కళ్లద్దాలు, తక్కువ మాట. మీటరు 8,412 దగ్గర ఆగి ఉంది. రీడింగన్న నవ్వబోతుండగా ఆయన సంచిలోంచి నోటుబుక్కు తీశాడు. మీటరు ఏ రోజు పీకాడో, తర్వాత ట్రాక్ మీద ఎన్ని గంటలు నడిచిందో, ఏ గంటకు ఆయిల్ మారిందో, ఎప్పుడు కుడివైపు పడి ఏ లివర్ విరిగిందో, అన్నీ రాసి ఉన్నాయి. ఇంజన్ చల్లగా ఉంది. బోల్టుకు రంధ్రం ఉంది, తీగ కూడా ఉంది. టార్చి బ్యాటరీ తగ్గేదాకా వెతికినా నోటుబుక్కులో లేని గీత ఒక్కటీ కనబడలేదు. హెల్మెట్ బోర్లిస్తే ఆయన చెయ్యి పెట్టలేదు. ధర కూడా చివరి పేజీలో రాసే ఉంది.

"తీస్కో తమ్మీ" అన్నాడు రీడింగన్న, ఎవరో పోయినట్టు.

బండిని పికప్‌లో ఎక్కించి తాళ్లు కడుతున్నారు. ఆయన కాసేపు ఊరికే నిలబడ్డాడు. తర్వాత మెల్లగా పికప్ వెనక్కి పోయి గొంతుక్కూర్చుని, టార్చిని అరచేతికేసి రెండు దెబ్బలు కొట్టి వెలిగించాడు.

"డ్రైవర్ సాబ్, గీ స్టెప్నీ ఏ సాల్‌ది?"