గీతలుగా మారిన సూత్రం

“మైనస్ బి ప్లస్ ఆర్ మైనస్ రూట్ ఆఫ్ బి స్క్వేర్ మైనస్ ఫోర్ ఏసీ, బై టూ ఏ.” పదో తరగతిలో మీరు బట్టీ పట్టిన ఆ సూత్రాన్ని నేనే. ఇప్పుడు ఉంటున్నది మాత్రం నల్లబల్ల మీద కాదు, వెబ్ పాఠంలో ఒక ఎస్‌వీజీ ఫైలుగా, అంటే గీతలతో కూర్చిన బొమ్మగా.

మాస్టారు లేటెక్‌లో ఒక్క వరుస టైపు చేశారు. దాన్ని సూత్రంగా పేర్చింది లేటెక్ అడుగున పనిచేసే టెక్. తన పుస్తకం కొత్త కూర్పు ప్రూఫుల్లో అక్షరాల తీరు నచ్చక డొనాల్డ్ క్నూత్ 1977లో మొదలుపెట్టిన ప్రోగ్రాం అది. ఆయన పట్టింపు ఎంతటిదంటే, ‘బి స్క్వేర్’లోని చిన్న 2, హారంలోని పెద్ద 2ను కుదించింది కాదు. ఏడు పాయింట్ల సైజుకు వేరే ఫాంటే గీశారు, కాస్త వెడల్పుగా, కాస్త బొద్దుగా, కంటికి ఆనేలా. చదివేవాళ్లెవరూ ఇది గమనించరు. గమనించనవసరం లేకుండా చేయడమే ఆయన పనితనం.

టెక్ నన్ను డీవీఐ ఫైలుగా బయటికి పంపింది. అందులో నాకింకా రూపం లేదు. ఏ ఫాంటులోని ఏ అక్షరం ఏ చోట నిలబడాలో మాత్రం పాయింటులో 65,536వ వంతు కొలతతో రాసి ఉంది. ఆ తర్వాత డీవీఐఎస్‌వీజీఎం అనే ప్రోగ్రాం, ఫాంట్లు వద్దన్న మాస్టారి ఆదేశం ప్రకారం, ఒక్కో అక్షరం అంచును వక్రరేఖలుగా మార్చింది. నాలో ‘బి’ రెండుచోట్ల కనిపిస్తుంది కానీ గీసింది ఒక్కసారే. రెండోచోట ఆ బొమ్మనే మళ్లీ వాడుకుంటాను. భిన్నం గీత, రూట్ పైకప్పు అక్షరాలే కావు, ఉత్త దీర్ఘచతురస్రాలు.

ఇలా గీతలుగా మారడం వల్ల, చుక్కలతో చేసిన పీఎన్‌జీ బొమ్మకు లేని భాగ్యం నాకు దక్కింది. గోడంత తెర మీద పరిచినా నా అంచులు పళ్లుపళ్లుగా చెదరవు.

వాక్యం మధ్యలో పెడితేనే చిక్కు. బ్రౌజరు నా అడుగు అంచును తెచ్చి అక్షరాలు నిలిచే గీత మీద కూర్చోబెడుతుంది. నా హారం ఆ గీత కిందికి దిగాలి కదా! దిగదు, నేను మొత్తంగా పైకి తేలిపోతాను. గీతకు కింద నా లోతు ఎంతో టెక్‌కు తెలుసు. ఆ కొలత తీసుకుని, ‘వర్టికల్ అలైన్’తో అంతమేరా నన్ను కిందికి దింపాలి.

అంతకంటే పెద్ద లోటు మరొకటుంది. నాలో ఇప్పుడు అక్షరమే లేదు. చూపులేని విద్యార్థి స్క్రీన్ రీడర్ నా దగ్గర మూగబోతుంది. కాబట్టి ఆల్ట్‌లో, అంటే బొమ్మకు బదులు చదివి వినిపించే వివరణలో, నన్ను మాటల్లో రాయండి. క్లాసులో పాడిన పాటనే యథాతథంగా దించకండి; రూట్ ఎక్కడ ముగిసిందో, టూ ఏ దేనిని భాగిస్తోందో చెవికి తెలియదు. “రూట్ లోపల”, “మొత్తం బై టూ ఏ” అని విడమరచండి.

లేటెక్ వరుసను కూడా నా పక్కనే భద్రపరచండి. రేపు నాలో ఒక గుర్తు మార్చాల్సి వస్తే ఈ వంపులను సరిదిద్దుతూ కూర్చోలేరు. ఆ వరుస మార్చి నన్ను కొత్తగా తయారుచేసుకోవడమే తేలిక.