పరుగు ఆగింది, పందెం ఆగలేదు

2020 మార్చి 25 నుంచి కరోనా వల్ల దేశానికి తాళం పడింది. ఏప్రిల్ 26న జరగాల్సిన లండన్ మారథానే అక్టోబరుకు వాయిదా పడింది. టోక్యో ఒలింపిక్స్ ఏకంగా ఏడాది వెనక్కి పోయాయి. ఇక బెజవాడ పరుగు జట్ల సంగతి చెప్పాలా? పటమట వైపు వాళ్లకీ భవానీపురం వైపు వాళ్లకీ మధ్య పోటీ మాత్రం డాబా ఎక్కి కూర్చుంది.

ప్రకాశం బ్యారేజీ పొడవు 1,223.5 మీటర్లు. దాన్ని 34 సార్లు, ఆపైన ఇంకో సగం దాటితే మారథాన్. చుట్టూ 40 మీటర్లుండే డాబా మీదైతే 1,055 ప్రదక్షిణలు! అన్ని చేస్తే ఆంజనేయస్వామి వరమైనా ఇచ్చేవాడు, ఇక్కడ దక్కేది వాట్సాప్‌లో ఓ బొటనవేలు. పైగా దారి మధ్యలో పాత చీర పరిచి గుమ్మడి వడియాలు. ‘‘ఒరేయ్, వాటి మీద కాలు పడిందో, వీధి చివరిదాకా నేనే పరిగెత్తిస్తా’’ అని అమ్మ.

ఒక జట్టు పరుగుల యాప్‌లో పది కిలోమీటర్లని పెడితే రెండోది పన్నెండని పెట్టేది. ‘‘ఏం బావా, ఫోను పిల్లదాని ఉయ్యాల్లో పడేశావా?’’ అని ఇటు. ‘‘ముందు మీ మ్యాపు చూసుకోండి, గీత కృష్ణలో ఈదుతోంది’’ అని అటు. పాపం జీపీఎస్! బెజవాడ ఎండకి దానికీ దిమ్మ తిరిగి ఉంటుంది.

చివరికి రాజీ కుదిరింది: ఎవరి లెక్కనైనా సగానికి కోసి నమ్మడం. ఆవకాయన్నం ముద్దల లెక్క మాత్రం ఏ జట్టూ యాప్‌లోకి ఎక్కించలేదు.