పాక్షిక మేఘావృతమునకు సమగ్ర టీక

మూలము: "రాగల ఇరువది నాలుగు గంటలలో నగరమునందు ఆకాశము పాక్షికముగా మేఘావృతమై యుండును. ఒకటి రెండు చోట్ల తేలికపాటి నుండి మోస్తరు జల్లులు కురియు అవకాశము గలదు. గరిష్ఠ ఉష్ణోగ్రత సాధారణము. నివాసులు అప్రమత్తులై యుండవలెను. వాతావరణ కారణముల రీత్యా మేడపై తలుపు మూసివేయబడినది."

అవతారిక. పై గ్రంథం విశాఖపట్నంలో ఒక ఐదంతస్తుల అపార్ట్‌మెంటులో, లిఫ్టు పక్కన, గ్యాసువాడి నెంబరుకీ పాలవాడి నెంబరుకీ మధ్య సెల్లోటేపుతో అంటించి ఉంది. కర్త మా అసోసియేషన్ సెక్రటరీగారు. పొద్దున్నే ఫోనులో వచ్చే వాతావరణ వార్తను ఆయన గ్రాంథికంలోకి దించి ముద్రిస్తారని మా అందరి నమ్మకం. వాడుకభాషలో రాస్తే మబ్బులు లెక్కచెయ్యవని ఆయన నమ్మకం కాబోలు. రోజుకో కొత్త కాగితం, పాఠం మాత్రం అదే. శివరాత్రి వెళ్లిన వారంలో మొదలైందీ రచన. శివరాత్రికి చలి శివశివా అంటూ పోతుందన్న మాట నమ్మి, దుప్పట్లు ఉతికి అటకెక్కించిన ఇళ్లన్నీ మర్నాడే వాటిని దించాయి, ఆ మర్నాడు ఫ్యాను ఐదులో పెట్టాయి, దాని మర్నాడు బకెట్లు పెట్టాయి. బకెట్ల సంగతి తర్వాత.

మమ్మటుడు కావ్యానికి ఆరు ప్రయోజనాలు చెప్పాడు: కీర్తి, ధనం, లోకజ్ఞానం, అశుభనివారణ, తక్షణానందం, ఇష్టురాలు చెప్పినట్టు మెత్తగా హితం చెప్పడం. ఏడోది ఆయనకు తట్టలేదు. ఆనాటి కాశ్మీరంలో అపార్ట్‌మెంట్ అసోసియేషన్లు లేవు మరి. ఆ ఏడో ప్రయోజనం రేప్పొద్దున ఎవరైనా అడిగితే "ముందే చెప్పాం కదండీ" అనగలగడం. ప్రస్తుత గ్రంథం మొదటి ఆరింటినీ తృణీకరించి ఏడోదాని మీదే నిలబడింది.

ఇక మన మార్గం. మెదక్ దగ్గర కొల్చారం, అంటే ఒకప్పటి కొలిచెలమ, కోలాచల మల్లినాథసూరి ఊరు. మేఘసందేశానికి సంజీవని టీక రాసిన మహానుభావుడాయన. మబ్బు మీద వ్యాఖ్యానం చెయ్యడంలో మనవాళ్ల అర్హతను ఇక ఎవరూ శంకించనక్కర్లేదు. ఆధారం లేనిది రాయను, అక్కర్లేనిది చెప్పను అని ఆయన ప్రతిజ్ఞ. మేము మొదటి సగం పాటిస్తాం. రెండో సగం కూడా పాటిస్తే ఉరుములకు కరెంటు పోయిన సాయంత్రాలు గడిచేదెలా?

ఆకాశము, నగరము: సుగమము. కష్టమైన చోట "సుగమము" అని దాటేసి, "చ"కారం కనబడితే రెండు పుటలు రాయడం వ్యాఖ్యాతల జన్మహక్కు.

"రాగల ఇరువది నాలుగు గంటలలో." రాగల అంటే ఎప్పటినుంచి? కాగితం మీద తేదీ లేదు. ఎప్పుడు చదివితే అప్పటినుంచి రాగలవే. శాస్త్రంలో మాత్రం వాననీటి రోజు ఉదయం 8.30కు మొదలై మర్నాడు 8.30కు ముగుస్తుంది. వర్షమాపకంలోని నీళ్లు ఆ వేళకే కొలిచి ఆనాటి పేరున రాసుకుంటారు. అందుచేత సోమవారం సాయంత్రం మా వంటింటి కప్పునుంచి కారినది మంగళవారం ఖాతాలో పడింది. ఈ సూక్ష్మం మా ఆవిడకు వివరించబోయాను. "ముందు ఆ గుడ్డ ఇలా అందుకోండి" అంది. ఆవిడ తుడుస్తున్నది సోమవారమే.

కాలప్రసక్తి వచ్చాక ఈ ఊళ్లో గోడే వెంకట జగ్గారావుగారిని తలవకుండా ముందుకు పోవడం మహాపచారం. మద్రాసు నక్షత్రశాలను నడిపిన టేలరు దగ్గర ఖగోళం నేర్చుకుని, 1840లో డాబాగార్డెన్స్‌లో తన సొంత ఇంటి ఆవరణలోనే నక్షత్రశాల కట్టించిన జమీందారు ఆయన. డాల్ఫిన్స్ నోస్ కొండ మీద జెండాస్తంభం నిలబెట్టించారు. దానిమీద పొద్దున వేళకు జెండా లేస్తే ఊరి గడియారాలు, రేవులోని ఓడల గడియారాలు సరిచేసుకునేవారు. 1856లో ఆయన పోయాక అల్లుడు అంకితం వెంకట నరసింగరావుగారు ఆ పని అందుకున్నారు. 1874లో శుక్రుడు సూర్యబింబాన్ని దాటుతుంటే ఈ ఊరినుంచే చూసి లెక్కలు రాశారు. నక్షత్రాలతో పాటు గాలీ వానా కూడా వాళ్ల పద్దులోకి ఎక్కేవి. మామ కట్టించాడు, అల్లుడు నిలబెట్టాడు. మామగారి ఆస్తిలో టెలిస్కోపును అంత శ్రద్ధగా చూసుకున్న అల్లుళ్లు ఆంధ్రదేశంలో ఎందరున్నారో పరిశోధించదగిన విషయం. ఆ కాలంలో పాదరసం మట్టం ఎంత దిగిందో కంటితో చూసి, చేత్తో రాసి, కింద సంతకం పెట్టేవారు. తప్పయితే ఆ సంతకం ఉన్నవాడిదే తప్పు. ఇప్పుడు డాబాగార్డెన్స్‌లో నిలబడి ఆ నక్షత్రశాల ఎక్కడని అడిగితే ఏ సిటీబస్సు ఎక్కాలో చెప్తారు. అంతటి ఊళ్లో పుట్టి, కొండమీది జెండా చూసి వేళ తెలుసుకున్న ముత్తాతల మునిమనవలమై, ఇవాళ లిఫ్టు పక్క సెల్లోటేపు కాగితం చూసి...

ఎక్కడున్నాం? "యుండును." బాలవ్యాకరణం చదివినవారికి ఇది తద్ధర్మార్థకం. సూర్యుడు ఉదయించును, నిప్పు కాల్చును, ఆకాశము పాక్షికముగా మేఘావృతమై యుండును. భూత భవిష్యద్వర్తమానాలు మూడింటికీ చెల్లే సత్యం. ఏ రోజు చూసినా ఎక్కడో ఒక మబ్బు ముక్క ఉండకపోదు.

ఎంత మబ్బు ఉంటే పాక్షికం? పరిశీలకులు ఆకాశాన్ని ఎనిమిది భాగాలు చేసుకుని అందులో ఎన్ని కప్పుకున్నాయో చెబుతారు. అమరసింహుడు భాగాల జోలికి పోకుండా మేఘానికి 15 పేర్లు పెట్టి ఊరుకున్నాడు. వాటిలో చివరిది ధూమయోని, పొగకు పుట్టినది. నిఘంటువు రాసినాయన విశాఖ చూశాడేమోనని మాకు అనుమానం. ఇటు కైలాసగిరి వరస, అటు యారాడ కొండల వరస, మధ్యలో పళ్లెంలాంటి పల్లంలో ఊరు. మాఘ ఫాల్గుణాల తెల్లవారుజామున నేల చల్లబడి, పైన వెచ్చటి గాలి మూతపెట్టినట్టు నిలిస్తే, పొగ ఎటూ పోలేక పళ్లెంలోనే ఉండిపోతుంది. ఆ వేళ డాల్ఫిన్స్ నోస్ ముక్కు కనబడదు. బాల్కనీ పిట్టగోడ మీద వేలు పెట్టి గీస్తే నల్లగా అంటుతుంది. దీన్ని పొగమంచు అంటారు గానీ సమాసంలో ఏ పదం ప్రధానమో మా ఊపిరితిత్తులు చెప్పగలవు.

పదకొండు దాటాక సముద్రపుగాలి తిరుగుతుంది, పళ్లెం కడిగినట్టవుతుంది. ఈ రుతువులో ఆ గాలికి చల్లదనం ఊరికే రాలేదు. ఫాల్గుణంలో ఇక్కడ గాలి నైరుతి వైపునుంచి మొదలవుతుంది. తీరం కూడా నైరుతినుంచి ఈశాన్యానికి వాలుగా ఉండబట్టి, గాలి ఒడ్డు వెంబడే వీచి పైనీటిని లోపలికి నెడుతుంది. ఖాళీ అయిన చోటికి అడుగునీరు చల్లగా ఉబికి వస్తుంది. 1950ల తొలినాళ్లలో ఆంధ్ర విశ్వకళాపరిషత్తుకు వచ్చిన అమెరికన్ శాస్త్రవేత్త యూజీన్ లఫాండ్ ఈ తీరం వెంట దీన్ని శ్రద్ధగా పరిశీలించారు. మధ్యాహ్నం మూడింటికి బీచ్ రోడ్డు మీద నడిచేవాడు ఇదేమీ తెలియకుండానే చొక్కా పైబొత్తాం విప్పి "అబ్బ" అంటాడు. ఆ "అబ్బ"లో ఉన్న విషయం మన గ్రంథం మొత్తంలో లేదు. అదే గాలి తేమను మోసుకుపోయి తూర్పుకనుమల దగ్గర పడమటి పొడిగాలితో తలపడితే సాయంత్రానికి గుమ్ములు గుమ్ములుగా మబ్బు లేచి, ఉరిమి, కొన్నిసార్లు ఊరిమీదికి దిగుతుంది. చూడదలచుకున్నవాడికి ఇది మేడ మీదినుంచి ఒక గంట ముందే కనబడుతుంది. మేడ తలుపుకి తాళం.

"ఒకటి రెండు చోట్ల." పూర్వపక్షం: ఒకటా? రెండా? ఒకటి అయితే రెండు అనడం వ్యర్థం, రెండు అయితే అందులో ఒకటి ఇమిడే ఉంది. సిద్ధాంతం: ఇది సంఖ్య కాదు, సంకేతం. ఒక ప్రాంతంలోని వర్షమాపక కేంద్రాల్లో నాలుగో వంతుకు మించకుండా వాన పడితే ఒకటి రెండు చోట్ల అంటారు. సగం దాకా అయితే కొన్నిచోట్ల, ముప్పాతిక దాకా చాలాచోట్ల, ఆ పైన దాదాపు అన్నిచోట్లా. మంచిదే, వాళ్లు ప్రాంతానికి చెప్పారు. సెక్రటరీగారు దాన్ని తెచ్చి రెండు లిఫ్టులున్న ఒక భవనానికి అంటించారు. ఇప్పుడా ఒకటి రెండు చోట్లు ఏవి? మా పరిశోధనలో ఒకటి మా వంటిల్లు అనీ, రెండు మా పడగ్గది అనీ తేలింది.

"తేలికపాటి నుండి మోస్తరు" అన్నది ఈ గ్రంథానికి ప్రాణం. లెక్క ప్రకారం రోజుకు 2.5 మిల్లీమీటర్ల నుంచి 15.5 దాకా తేలికపాటి, 15.6 నుంచి 64.4 దాకా మోస్తరు. అంటే రుమాలు నెత్తిన వేసుకుని కిళ్లీకొట్టు దాకా పోగలిగిన వానా, వంతెన కింద ఆటో మునిగే వానా ఒకే వాక్యంలో పక్కపక్కన కూర్చున్నాయి. అర్జునుడి బాణం ఒక్క పిట్ట కన్నుకే గురి. ఇక్కడ గురి చెట్టంతటికీ.

2.5 కన్నా తక్కువ పడిన రోజు వానరోజు కిందే లెక్కకు రాదు. ఇక్కడ వడియాల ప్రస్తావన అనివార్యం. నాలుగో అంతస్తు పిన్నిగారు తాళం పడకముందు, ఎండ పుష్కలంగా ఉన్న ఆదివారం, సగ్గుబియ్యం కాచి, పాత పంచె పరిచి, గరిటెతో వరసలు వరసలుగా పోశారు. మూడింటికి పైన పొర కట్టింది, కింద ఇంకా జిగట. ఆ స్థితిలో వడియానికి ఒక చినుకు చాలు. చినుకు పడిన చోట పొర చిట్లి, గుంటపడి, గింజలు పక్క వడియంలోకి జారతాయి. పది నిమిషాల్లో పంచె మీద వరసలు పోయి పటం తయారైంది. వడియాలు పూర్తిగా ఎండాక పంచె వెనకవైపు నీళ్లు చల్లి ఊడదియ్యడం మన ఆడవాళ్లకు తెలిసిన విద్యే. వానకు ఆ విద్య తెలుసు గానీ వేళ తెలియదు. పిన్నిగారు ఆ గంజిగుడ్డను రెండు చేతులా ఎత్తి పట్టుకుని మెట్లు దిగుతూ "ఇదేం వానరా నాయనా" అన్నారు. శాస్త్రప్రకారం అది వాన కాదు. ఆ మాట ఆవిడతో అనే ధైర్యం ఈ వ్యాఖ్యాతకు లేదు. తాళం పుట్టింది ఆ సాయంత్రమే. వాన ఆగాలని కాదు, ఫిర్యాదు ఆగాలని.

"జల్లులు కురియు అవకాశము గలదు." ఇక్కడొక పాఠాంతరం ఉంది. బుధవారం ప్రతిలో "ఇల్లులు కురియు అవకాశము గలదు" అని కనబడుతున్నది. జకారం మీద ఎవరో బాల్‌పెన్నుతో గీత గీసి ఇకారం నిలిపారు. ఆ చేతిరాత ఈ వ్యాఖ్యాత చేతిరాతను పోలి ఉందన్న ఆక్షేపణ నిరాధారం. "ఇండ్లు" అనకపోవడం దోషమే అయినా, అర్థానికి ఇదే సాధుపాఠం. జల్లులు కురియడం అనుమానం, ఇల్లు కురవడం ప్రత్యక్షం. ప్రమాణాల్లో ప్రత్యక్షమే మొదటిది. కప్పు మీద పూత వేయించడానికని ఫ్లాటుకింత చొప్పున వసూలైన సొమ్ము ఏమైందంటే, సుగమము.

"గరిష్ఠ ఉష్ణోగ్రత సాధారణము." సాధారణం అంటే 1991 నుంచి 2020 దాకా ముప్పై ఏళ్ల సగటు. ఈ ఊళ్లో కొలిచే చోట్లు రెండు: సముద్రం పక్క వాల్తేరు ఒకటి, కొండల వెనక విమానాశ్రయం రెండోది. ఎండవేళ ఆ రెంటికీ పొత్తు కుదరదు. ఇక్కడ గాలి తగిలి చల్లబడుతుంటే అక్కడ మాడుతుంది. చలీ ఉక్కా వానా కలిసిన వారాన్ని కూడేసి భాగిస్తే వచ్చేది సాధారణమే. మధ్యలో మూడు రకాల బట్టలు మార్చింది మనం.

"అప్రమత్తులై యుండవలెను." ఎవరు? నివాసులు. కప్పు చూడవలసినవాళ్లు కాదు, తూము పూడిక తియ్యవలసినవాళ్లు కాదు, నివాసులు. అప్రమత్తత అంటే ఏం చెయ్యాలో మూలంలో లేదు. మాకు తెలిసినంతలో అది రాత్రి రెండింటికి లేచి, చీకట్లో కాలు పెట్టి, నేల తడిగా ఉందో లేదో చూసుకోవడం. జరిగితే చెప్పాం కదా. జరగకపోతే అవకాశమే కదా అన్నాం. ఈ రెండు వాక్యాల మధ్య ఇరుక్కుని నేను ఈ వారం సరిగ్గా పడుకోలేదు.

చివరిది, "మూసివేయబడినది." కర్మణి ప్రయోగం. కర్త లోపించాడు. లోపించిన కర్తను తెచ్చి అన్వయించడం వ్యాఖ్యాత ధర్మం కనుక వాచ్‌మన్‌ను పిలిచి అడిగాను.

"తాళం సెక్రటరీ బాబు కాడుందండి. ఆరు పెళ్లికని ఇజీనారం ఎల్లేరు. ఆదోరం గానీ రారు."

"ఎప్పుడు వెళ్లారు?"

"సోమవారమేనండి, పొద్దున బండికి."

"మరి రోజూ ఈ కాగితం ఎవరు అంటిస్తున్నారు?"

"నేనేనండి బాబూ. వారానికి సరిపడా తీయించి ఇచ్చెల్లేరు."

జేబులోంచి మడత తీసి చూపించాడు. ఇంకా మూడు ఉన్నాయి.